స్తంభం మీద తమ్ముడు

చర్చి నుంచి ఇంటికి రావాలంటే కాలేజీ ముందు సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. నన్ను చూడగానే అది ఎర్రబడుతుంది, అదేం పగో మరి. ఆగానంటే ఎదురుగా దీపస్తంభానికి వేలాడుతూ మా తమ్ముడు కెండల్ నవ్వుతుంటాడు. నిలువెత్తు గుడ్డ బ్యానరు. వాడి పళ్లు ఒక్కొక్కటీ నా అరచేయంత ఉంటాయి. కింద 'మా విద్యార్థులే మా బలం' అని పెద్ద అక్షరాలు. దాని కింద ఇంకాస్త చిన్నగా, నల్లజాతి విద్యార్థులకు అండగా నిలిచిన కాలేజీగా కాలిఫోర్నియా రాష్ట్రం మమ్మల్ని గుర్తించింది అని. ఛీ! చూసిన ప్రతిసారీ అద్దం దించి ఉమ్మేద్దామనిపిస్తుంది గాని, పక్కన అమ్మ ఉంటుంది, ఆదివారం బట్టల్లో ఉండి ఆ పని చేస్తే ఊరుకోదు. మింగేస్తాను.

ఇదంతా నిరుడు జరిగింది. బాదం తోటలు పూత పట్టినప్పుడు మొదలై, కాయలు రాల్చడానికి చెట్లు దులిపే వేళకి అయిపోయింది. ఆ కొద్ది నెలల్లో మా ఇంట్లో ఒక మంచం ఖాళీ అయింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా మౌంట్ నెబో చర్చిలో కాలేజీ వాళ్లది. ప్రసంగానికి ముందు వాళ్ల మనిషి ఒకరు వచ్చి నాలుగు మాటలు చెప్పి, పిల్లల్ని చేర్పించమని అడిగి పోతారు. నిరుడు మా ఊరి టూలీ బెండ్ కాలేజీ నుంచి ఉపాధ్యక్షుడే వచ్చాడు. పేరు డాక్టర్ పీబుల్స్. మనిషి మావాడే, నల్లవాడే. మావాడే కాబట్టే ఇంత అసహ్యం. పరాయివాడైతే ఇంతలా తిట్టుకోను.

చర్చి మర్యాదలు ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. ముందు దేవుడికి, తర్వాత పాస్టరు గారికి, ఆ తర్వాత పాస్టరమ్మ గారికి వరుస తప్పకుండా వందనాలు చెప్పుకున్నాడు. ముందు వరుసల్లో ఈకల టోపీలు పెట్టుకున్న పెద్దమ్మలంతా వెన్నలా కరిగిపోయారు. నా పక్కన కూర్చున్న వెర్నెల్ పిన్ని మాత్రం విసనకర్ర అడ్డం పెట్టుకుని నా చెవిలో, "సూటు బాగుందే. లోపల మనిషున్నాడంటావా?" అంది. వెర్నెల్ పిన్ని అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. ఆవిడ నోటికి పాస్టరు గారే జడుస్తాడు.

"మన పిల్లలు కాలేజీలో చేరడం ఒక ఎత్తు," అన్నాడు పీబుల్స్. "చేరాక నిలబడడం ఒక ఎత్తు."

"చెప్పు నాయనా!" అన్నారు జనం.

"కెండల్ టాలివర్ ఎక్కడున్నాడు? లే బాబూ. అందరూ చూడండి. ఈ పిల్లాడు కాలేజీ మానేద్దామనుకున్నాడు. ఇవాళ ఫిజిక్స్ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఎవరి చలవ? మా ఐవరీ మాస్టారి చలవ. ఆయన నడిపే గది చలవ. అలాంటి గది ఉంది కాబట్టే రాష్ట్రం వాళ్లు మా కాలేజీకి గుర్తింపు ఇవ్వబోతున్నారు. ఒక్క మాట చెప్తున్నా వినండి. ఐవరీ మాస్టారు ఎక్కడికీ పోరు. ఆ గది ఎక్కడికీ పోదు. ప్రభువు ఇంట్లో నిలబడి చెప్తున్నా."

ఆమెన్లతో కిటికీ అద్దాలు అదిరాయి. కెండల్ సిగ్గుతో మెడ రుద్దుకుంటూ నిలబడ్డాడు. పీబుల్స్ చెప్పనిది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఫిజిక్స్‌లో వాడు అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఆ కాలేజీలో ఇక ఆ క్లాసు గడప తొక్కనివ్వరు. అది గట్టెక్కకపోతే యూనివర్సిటీ లేదు, నీళ్ల ఇంజనీరింగూ లేదు. మా పేటలో కుళాయి తిప్పితే గుడ్డు కుళ్లిన కంపు కొడుతుంది. ఆ నీళ్లు బాగుచేసే చదువు చదువుతానని వాడు చిన్నప్పట్నుంచీ ఒకటే పాట.

దీవెన అయింది. మా చర్చిలో దీవెన కాగానే ఎవరూ లేచి పోరు. తెల్లబట్టలు, తెల్ల గ్లౌజులు వేసుకున్న ఆడవాళ్లు కొందరుంటారు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టేదీ వాళ్లే, లేపేదీ వాళ్లే. వెనకనుంచి ఒక్కో వరుస దగ్గరికి వచ్చి, ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకుని, కుడి చెయ్యి ఇలా చాస్తారు. చాచాకే ఆ వరుస లేస్తుంది. ఒక్క మాట ఉండదు. మాకు నడక రాకముందే ఆ చెయ్యి అర్థమవుతుంది. ఆ గ్లౌజుల వాళ్లందరికీ పెద్ద మా అమ్మ, అర్లీన్ టాలివర్.

పీబుల్స్‌కి ఇంకో చర్చికి టైమైనట్టుంది, మధ్యలో లేచాడు. అమ్మ అరచెయ్యి ఎత్తింది, అంతే. సూటూ బూటూ కలిసి మళ్లీ కూర్చున్నాయి. వెర్నెల్ పిన్ని విసనకర్ర వెనక నవ్వు ఆపుకోలేక దగ్గింది. బయటికొచ్చాక పీబుల్స్ కూడా నవ్వాడు.

"వేలు కదిపితే చాలు, అంతమందిని నడుపుతున్నారు మదర్! మా కాలేజీకి మీలాంటివాళ్లు కావాలి."

"మీ కాలేజీకి మా పిల్లాడున్నాడు, చాల్లే నాయనా," అంది అమ్మ. చర్చిలో పెద్ద ఆడవాళ్లని మదర్ అంటాం. ఆయన నోట్లో ఆ మాట కాస్త ఎక్కువ తియ్యగా ఉంది.

ఐవరీ మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన పిల్లలకి సలహాలు చెప్పే కౌన్సెలరు, పైగా ఫిజిక్స్ చెప్పగలడు. మెడకి బో టై, ఊరంతా వినపడే పాత బ్రౌన్ కారు. పిల్లాడు క్లాసుకి రాకపోతే ఫోన్ చేసే రకం కాదు. పొద్దున్నే ఇంటిముందు కారాపి హారన్ మీద చెయ్యి పెట్టేస్తాడు. ఆ చుట్టుపక్కల కుక్కలన్నీ మాస్టారికి తోడు మొరుగుతాయి.

"కెండల్! క్లాసుందా లేదా?"

"జ్వరం మాస్టారూ," కిటికీలోంచి వీడు మూలిగేవాడు.

"దానికి మందు నా కార్లో ఉంది. ప్యాంటు తొడుక్కుని రా!"

"లోపలికి రండి మాస్టారూ, వేడిగా మొక్కజొన్న గ్రిట్స్ ఉన్నాయి, వెన్న వేసిపెడతా," అనేది అమ్మ.

"ముందు వాణ్ని కారెక్కించాక తింటానమ్మా. నేను తినడానికి కూర్చుంటే వీడు పెరటి కంచె దూకుతాడు."

ఆయన గది కాలేజీలో ఒక మూల, పాత కుర్చీలు పడేసే కొట్టు. కిటికీ లేదు. ఒక తెల్లబోర్డు, కాళ్లు సరిలేని బల్లలు, ఎప్పుడూ కాఫీ వాసన. మావాళ్ల పిల్లలు అందులో కిటకిటలాడేవాళ్లు. మాస్టారిది ఒకటే పద్ధతి. లెక్క అందరికీ వచ్చిందంటే నమ్మడు. అందరికంటే వెనకబడ్డవాణ్ని బోర్డు దగ్గరికి పిలుస్తాడు. వాడు మిగతావాళ్లకి చెప్పగలిగేదాకా ఎవరూ తలుపు దాటకూడదు. మొదట్లో ఆ వెనకబడ్డవాడు మా కెండలే. వాడివల్ల అందరి బస్సులూ తప్పిపోయేవి. "నీ దుంపతెగ, ఇంకెప్పుడు నేర్చుకుంటావురా!" అని తిడుతూనే పక్కన కూర్చుని చెప్పేవాళ్లు. మార్చి వచ్చేసరికి బోర్డు దగ్గరికి వాణ్ని పిలవడం మానేశాడు మాస్టారు. ఆ రోజు వాడింటికొచ్చి అమ్మని ఎత్తి గిరగిర తిప్పాడు.

మార్చిలోనే రాష్ట్రం వాళ్లు చూడడానికి వచ్చారు. పొద్దున వాణ్ని దింపడానికి వెళ్లిన నేను, గది చూసి పొరపాటున వేరే చోటికొచ్చాననుకున్నాను. కాళ్లు సరిలేని బల్లలు మాయం. నేలంతా తివాచీ, గోడకి రంగురంగుల ఆఫ్రికా గుడ్డ, మధ్యలో ఆవాల రంగు సోఫా. అంత పెద్ద సోఫా మా పాస్టరు గారింట్లో కూడా లేదు. దానిమీద ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్లని తెచ్చి కూర్చోబెట్టారు. పాపం, వాళ్లలో కొందరు ఆ గది ఎక్కడుందో అప్పుడే చూశారు. ఒకడు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. కెండల్‌ని మధ్యలో కూర్చోబెట్టి ఫోటోగ్రాఫరు, "గడ్డం పైకి బాబూ, ఇంకొంచెం నవ్వు, ఆఁ, అలా, నీ భవిష్యత్తు కనపడుతున్నట్టు నవ్వు," అంటున్నాడు.

పీబుల్స్ నన్ను చూశాడు. "జొనెల్ కదూ? నువ్వూ కూర్చో తల్లీ."

"నేనిక్కడ చదవట్లేదండీ."

"కూర్చోడానికి చదవాలా ఏంటి?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. పోబోతుంటే తలుపులోనే రాష్ట్రం నుంచి వచ్చినావిడ ఎదురైంది. మంచావిడలాగే ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం చదువుతున్నావమ్మా?" అంది.

"బాదంపప్పు," అన్నాను. "మంచిది ఇటు, పుచ్చింది అటు. ఫ్యాక్టరీలో."

పీబుల్స్ అందరికంటే గట్టిగా నవ్వి ఆవిణ్ని లోపలికి తిప్పేశాడు. ఐవరీ మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. టై సర్దుకుంటున్నాడు, సర్దుకున్నదాన్నే మళ్లీ సర్దుకుంటున్నాడు. "గది నిలబడుతుందంటే ఒక్కరోజు నాటకానికేం జొనెల్," అన్నాడు మెల్లిగా.

సాయంత్రం కెండల్ కోసం వెళ్లేసరికి ఇద్దరు మనుషులు ఆ సోఫాని తలుపులోంచి అడ్డంగా, నిలువుగా తిప్పి లాగుతున్నారు.

"ఎక్కడికి?" అన్నాను.

"అద్దె సరుకమ్మా. రేపు ఎవరిదో పెళ్లి ఉందట."

వెనకాల కెండల్, మిగతా పిల్లలు కాళ్లు సరిలేని బల్లల్ని మళ్లీ మోసుకొస్తున్నారు. నవ్వుకుంటున్నారు కూడా. వాళ్లకది తమాషా. నాకు మాత్రం అప్పుడే నోట్లో చేదు మొదలైంది.

ఏప్రిల్లో గుర్తింపు వచ్చేసింది. పేపర్లో పడింది, చర్చిలో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. అదే వారం ఐవరీ మాస్టారు మా ఇంటికొచ్చాడు. హారన్ కొట్టలేదు. వంటింట్లో కూర్చుని, అమ్మ పెట్టిన చేప వేపుడు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నన్ను తీసేశారమ్మా," అన్నాడు చివరికి.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"గుర్తింపు వచ్చింది కదా, ఇప్పుడు దానికి ఒక కార్యాలయం పెడతారట. డైరెక్టరు వస్తారట. నాది తాత్కాలిక ఉద్యోగం. గది తాళం నిన్న తీసుకున్నారు. బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక కాలేజీ వాళ్లు పిలిచారు, వెళ్లక తప్పదు."

"వీడి పరీక్ష?" అన్నాను.

మాస్టారు కెండల్ వైపు చూశాడు. "ఫోన్ చెయ్యరా. ఎప్పుడైనా సరే, చెయ్యి." వాడు తలూపాడు. చేప ముక్క ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు అమ్మా నేనూ పీబుల్స్ దగ్గరికి వెళ్లాం. ఆఫీసు గది చల్లగా ఉంది. బల్లమీద గాజు గిన్నెలో మిఠాయిలున్నాయి. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"గది తలుపుకి తాళం ఉంది నాయనా," అంది.

"అదేం లేదు మదర్. గది పోలేదు, పెరుగుతోంది. ఇక పద్ధతి ప్రకారం జరుగుతుంది. డైరెక్టరు వస్తారు, ప్రణాళిక వస్తుంది..."

"మాస్టారేరీ?"

"ఆయన సేవలు మేమెన్నటికీ మరచిపోం."

"నిన్నగాక మొన్న తీసేసి ఇవాళ మరచిపోం అంటారేంటండీ?" అన్నాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. నోరు మూసుకో అని దాని అర్థం.

"పిల్లాడి పరీక్ష మే నెలలో. వాడికిదే ఆఖరుసారి," అంది అమ్మ.

"శరత్కాలానికల్లా మొత్తం సిద్ధం చేస్తాం మదర్."

"మే ముందొస్తుంది నాయనా."

ఆయన చేతివేళ్లు ఒకదానికొకటి ఆనించి, తల పక్కకి వాల్చి, చాలా జాలిగా చూశాడు. ఆ జాలి చూస్తే నాకు గాజు గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది.

"ప్రభువు ఇంట్లో నిలబడి చెప్పావు," అంది అమ్మ.

"అప్పటి పరిస్థితి వేరు మదర్." ఆ మాట అనడానికి ఆయనకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఊపిరి తీసుకోకుండానే ఇంకో మాట అందుకున్నాడు. "మీతో ఒక పని పడింది. మే నెలలో ఇత్తడి ఫలకం ఆవిష్కరిస్తున్నాం. పెద్దపెద్దవాళ్లొస్తారు. మన జనాన్ని మీరు తీసుకురావాలి. మీ తెల్ల గ్లౌజుల వాళ్లు వచ్చి అందర్నీ కూర్చోబెడితే ఎంత కళగా ఉంటుంది! కెండల్ వేదికమీద నాలుగు మాటలు చెప్తాడు."

అమ్మ కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. "ఏ బట్టలు?"

"తెల్లవే మదర్. అంతా చర్చిలో లాగే జరగాలి."

"చర్చిలో లాగే."

"అచ్చంగా."

"సరే," అంది అమ్మ.

కార్లో నేను నోరు పట్టలేకపోయాను. "సిగ్గులేదా అమ్మా? వాడు మన నోట్లో మట్టి కొడితే నువ్వు వాడి జనానికి కుర్చీలు చూపిస్తావా?"

"రోడ్డు చూసి నడుపు," అంది.

తర్వాతి వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే, మా వంటింటి బల్ల చూస్తే చాలు. ఒక చివర బీన్స్ ఏరుకుంటూ అమ్మ, ఇంకో చివర పుస్తకం ముందు కెండల్. మధ్యలో ఫోన్, అందులోంచి ఐవరీ మాస్టారి గొంతు. పాపం ఆయన తన క్లాసులన్నీ అయ్యాక, కార్లోంచే చెప్పేవాడు. గొంతు వచ్చేది గాని, మనిషి రాడుగా. వీడికి అర్థం కానప్పుడు వీడి మొహం ఆయనకి కనపడదు. వీడు "ఆఁ, ఆఁ, వచ్చింది మాస్టారూ" అనేసేవాడు. తక్కిన పిల్లలు కూడా చెదిరిపోయారు. కలవడానికి చోటు లేదు. కాలేజీ గ్రంథాలయంలో నలుగురు నల్లపిల్లలు కూర్చుని గట్టిగా మాట్లాడితే కాపలావాడు వచ్చి పక్కనే నిలబడేవాడు. ఏప్రిల్ చివరికి, కెండల్ పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చోవడం నేను గమనించాను. ఏం చెయ్యను? బాదంపప్పు ఏరేదాన్ని, నాకేం వస్తుంది ఫిజిక్స్!

సరిగ్గా అప్పుడే బ్యానర్లు వేలాడదీశారు. కార్లో వెళ్తుంటే ముందు కెండలే చూశాడు. సిగ్నల్ దగ్గర నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"అక్కా, చూడు, ఫోటోలో సోఫా కూడా పడింది!" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వెర్నెల్ పిన్నికి చెప్తే, "మనవాళ్లని స్తంభాలకి వేలాడదీయడం వాళ్లకేమైనా కొత్తా?" అంది. మా తాతల కాలంలో తెల్లవాళ్లు మావాళ్లని అలాగే ఉరితీసేవాళ్లు, ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వించడానికి అనలేదు.

ఫలకం ఆవిష్కరణ, కెండల్ పరీక్షకి ముందురోజు. బయట ఎండ మండిపోతోంది. కాలేజీ హాల్లో మౌంట్ నెబో మొత్తం దిగింది. ఈకల టోపీలు, కొత్త చొక్కాలు, ఫుట్‌బాల్ కుర్రాళ్లు, చంటిపిల్లలు. పీబుల్స్ మొహం వెలిగిపోతోంది. అమ్మ, ఆమెతో ఇంకో ముగ్గురు తెల్లబట్టల్లో, ఎడమ చేతులు నడుం వెనక పెట్టుకుని అందర్నీ వరుసగా కూర్చోబెట్టారు. కెమెరాలవాళ్లు వాళ్ల చుట్టూ మూగి ఫోటోలే ఫోటోలు. నేను వెర్నెల్ పిన్ని పక్కన ముడుచుకుని కూర్చున్నాను. వేదికమీద పెద్దవాళ్ల చివర కెండల్, పాస్టరు గారి టై ఒకటి అడిగి కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

కాలేజీ ప్రెసిడెంటమ్మ మాట్లాడింది. ఆవిడ తెల్లావిడ. మా బాధలన్నీ తనకి తెలుసంది. ఇంకెవరో మాట్లాడారు. తర్వాత పీబుల్స్ లేచాడు. ఆ గది గురించి చెప్పాడు. ఎంత కష్టపడి దాన్ని నిలబెట్టారో చెప్పాడు. నిలబెట్టారట, ఎవరో! వెనకబడ్డవాణ్ని బోర్డు దగ్గరికి పిలిచే పద్ధతి చెప్పి, "ఇది మా కాలేజీ పద్ధతి," అన్నాడు. నేను చెవులు రిక్కించి విన్నాను, ఐవరీ అన్న పేరు వస్తుందేమోనని. రాలేదు. గుడ్డ లాగాడు. ఇత్తడి ఫలకం తళతళలాడింది. చప్పట్లు.

"ఇప్పుడు మన కెండల్ టాలివర్..." అన్నాడు.

అప్పుడు అమ్మ నడిచింది. గుమ్మం దగ్గర్నుంచి, దీవెన అయ్యాక నడిచే నడక. తొందర లేదు, ఆగడం లేదు. మేం కూర్చున్న ఆఖరి వరుస చివర నిలబడింది. ఎడమ చెయ్యి నడుం వెనక. కుడి చెయ్యి చాచింది.

వరుస లేచింది.

అనుకుని లేవలేదు. మాకు ఆ చెయ్యి అలాంటిది. వెర్నెల్ పిన్ని లేచాక గాని అదేంటో నాకు తట్టలేదు. వరుసంతా మెల్లిగా, మాటా పలుకూ లేకుండా బయటికి నడిచింది. అమ్మ దాని ముందు వరుసకి వెళ్లింది. చెయ్యి చాచింది. వాళ్లూ లేచారు. అటుపక్క ఇంకో గ్లౌజు చెయ్యి చాచింది. ఫుట్‌బాల్ కుర్రాళ్లు లేచారు, వాళ్లూ ఎక్కడో ఒకచోట ఇలాంటి చర్చిలోనే పెరిగారు. అయిపోయిందేమోననుకుని ఎవరో తెల్లవాళ్లు కూడా సంచులు సర్దుకుని లేచారు. మైకులో పీబుల్స్, "మదర్, ఇంకా ఉంది... కార్యక్రమం ఇంకా..." అంటున్నాడు. ఆ అరచేతికి ఫిబ్రవరిలో తనే కూర్చున్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

హాలు ఖాళీ అయింది. నేను గుమ్మంలో ఆగి వెనక్కి చూశాను. అమ్మ వేదిక ముందుకి వచ్చింది. తలెత్తి కెండల్ వైపు చూసింది. చెయ్యి చాచింది.

పీబుల్స్ వంగి వాడి చెవిలో ఏదో అన్నాడు. వాడు ఆయన్ని చూశాడు. అమ్మ చేతిని చూశాడు. తర్వాత లేచి, మెట్లు దిగి, అమ్మ ముందునుంచి బయటికి నడిచాడు.

కార్లో వెర్నెల్ పిన్ని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఆ పీబుల్స్ మొహం చూశావా! నోట్లో ఈగ దూరినట్టు!" నేనూ నవ్వాను. అమ్మ గ్లౌజులు విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"వాడు నీ చెవిలో ఏమన్నాడురా?" అని అడిగాను.

కెండల్ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "కదలకుండా కూర్చుంటే, రేపు తప్పినా ఇంకో అవకాశం ఇప్పిస్తానన్నాడు."

పిన్ని నవ్వు ఆగిపోయింది.

"నాకు తెలీదు నాన్నా," అంది అమ్మ. "నాకు తెలీదురా."

"తెలిస్తే పిలిచేదానివి కాదా?"

అమ్మ ఒళ్లో గ్లౌజుల్ని మడతపెట్టసాగింది. వాడే చెయ్యి ముందుకి చాచి ఆమె భుజం మీద వేశాడు. "పిలిచేదానివేలే," అన్నాడు.

మర్నాడు పరీక్ష రాశాడు. తప్పాడు. ఘోరంగా కాదు, కొంచెంలో. ఆ కొంచెమే ఐవరీ మాస్టారి గది. ఆ కొంచెం కోసమే ఒక మనిషి పొద్దున్నే హారన్ కొట్టేవాడు. ఎవరైనా నన్ను అడిగితే చెప్తాను, అండగా నిలవడమంటే ఆ కొంచెమేనని. ఎవరూ అడగలేదు.

వేసవంతా వాడు నాతో ఫ్యాక్టరీకి వచ్చాడు. అమ్మ ఎదురుగా ఉంటే నవ్వేవాడు, లేకపోతే నవ్వేవాడు కాదు. అమ్మ గ్రిట్స్‌లో వెన్న రెండింతలు వేసేది. ఆ చాచిన చెయ్యి గురించి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఆగస్టులో తోటల్లో చెట్లు దులిపి, ఊరంతా దుమ్ము కమ్ముకున్నప్పుడు, ఒక పొద్దున మా వీధి కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. బ్రౌన్ కారు. అన్నాళ్ల తర్వాత ఆ హారన్ వింటే అమ్మకి ఏడుపొచ్చింది.

"కెండల్! ప్యాంటు తొడుక్కుని రా!"

బేకర్స్‌ఫీల్డ్ కాలేజీ వేరు కాబట్టి, అక్కడ ఫిజిక్స్ మళ్లీ మొదటిసారి కింద లెక్క. మాస్టారింట్లో ఒక గది ఖాళీగా ఉందట. ఆ కాలేజీకి ఫలకం లేదు, సోఫా లేదు, గుర్తింపు ఊసే లేదు. నడవాలో మెట్లకింద ఒక బల్ల ఇచ్చారట మాస్టారికి. సగం బల్ల, మిగతా సగం ఇంకొకరిది. పిల్లలు మెట్లమీద కూర్చుంటారట. వాడు సంచులు కార్లో పడేసి అమ్మని ఎత్తి తిప్పబోయాడు గాని, అమ్మ తిప్పనివ్వలేదు. గట్టిగా పట్టుకుంది.

వాడు వెళ్లాక నేను కాలేజీకి ఫోన్ చేశాను. ఎవరో చిన్నపిల్ల తీసింది, చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఆ బ్యానరు తియ్యండమ్మా," అన్నాను. "ఆ పిల్లాడు మీ దగ్గర చదవట్లేదు."

"గుర్తింపు ఉన్నన్నాళ్లూ బ్యానర్లుంటాయండీ."

"వాడికి మీ కాలేజీలో చోటు లేక వేరే ఊరు పోయాడు తల్లీ."

ఆ పిల్ల ఒక క్షణం ఆగింది. "కానీ ఫోటో చాలా బాగా వచ్చింది కదండీ," అంది.

ఛీ ఛీ.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తున్నాం. అమ్మ నా పక్కన కూర్చుంది, గ్లౌజులు ఇంకా తియ్యలేదు. సిగ్నల్ ఎర్రబడింది. ఏడాది ఎండకి బ్యానరు వెలిసింది. సోఫా రంగు పోయింది గాని వాడి పళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి. అమ్మ అద్దం దించింది. నేను చూపు తిప్పుకున్నాను, ఇవాళ ఆవిడే ఉమ్ముతుందనుకున్నాను.

సీటుబెల్టు అడ్డం వస్తున్నా ఎడమ చెయ్యి నడుం వెనక్కి పోనిచ్చింది. కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి, స్తంభం వైపు చాచింది.

"లే నాన్నా," అంది. "ఇంక చాలు. ఇంటికి పద."

పచ్చలైటు పడింది. వెనక కార్లు హారన్ కొట్టాయి. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను కారు కదపలేదు.